218 లాంటి రూట్లో హైబ్రిడ్ డబుల్ డెక్కర్ నడుస్తుందా, లేక ఫొటోలకేనా?

చందానగర్_స్టాప్:

అందరికీ నమస్తే. నేను రోజూ హైదరాబాద్ చందానగర్‌లో 218 నంబరు సిటీ బస్సు ఎక్కి ఆబిడ్స్ దాకా వెళ్తాను. మెట్రో ఉంది కదా అనకండి, మియాపూర్ దాకా షేర్ ఆటో, అక్కడ మెట్లు, మళ్లీ దిగాక నడక, లెక్కేసుకుంటే నాకు బస్సే నయం, సీటు దొరికితే ఎర్రగడ్డ దాకా ఒక కునుకు కూడా తీయొచ్చు. సీటు దొరకడమే కష్టం. పటాన్‌చెరులోనే నిండి వస్తుంది.

మా బావమరిది లండన్‌లో ఉంటాడు. మొన్న పైఅంతస్తులో ముందు సీట్లో కూర్చుని తీసిన వీడియో పంపాడు, అది హైబ్రిడ్ బస్సట, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ చప్పుడే లేదు. అప్పట్నుంచి ఒకటే ఆలోచన, మనకు 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసుకు ముందు మన నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వాళ్లు తెచ్చిన ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు టాంక్‌బండ్, నెక్లెస్ రోడ్ చుట్టూ జనాన్ని తిప్పాయి కదా, మా పిల్లలు కూడా ఎక్కి తెగ సంబరపడ్డారు. అలాంటివి మామూలు రూట్లో ఎందుకు వేయరు? కరెంటువి కుదరకపోతే హైబ్రిడ్ అయినా వేయొచ్చు కదా? అసలు హైబ్రిడ్‌కీ ఎలక్ట్రిక్‌కీ తేడా ఏంటో కూడా నాకు సరిగా తెలియదు. బస్సుల గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

గ్రీజు_చేతులు:

అన్నా, నేను బస్సుల వర్క్‌షాపులోనే పని చేస్తాను, మధ్యలో నాలుగేళ్లు ఇంగ్లండ్‌లో ఇదే పని చేసి వచ్చా, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదువు.

హైబ్రిడ్ అంటే సగం డీజిల్ సగం కరెంటు అనుకుంటారు అందరూ. కాదు. మీ బావమరిది ఎక్కిన రకం బస్సుకు మామూలుగా ప్లగ్గే ఉండదు, అది తాగేది డీజిలే. తేడా అంతా బ్రేకులో ఉంది. మన బస్సు బ్రేకు కొట్టినప్పుడల్లా అంత బరువు కదలిక వేడిగా మారి గాల్లో కలిసిపోతుంది, హైబ్రిడ్‌లో ఆ సమయంలో మోటారు జనరేటర్‌లా తిరిగి దాంట్లో కొంత బ్యాటరీలో దాచుకుంటుంది. మళ్లీ కదిలేటప్పుడు ఆ దాచుకున్నదే వాడుతుంది. బస్సుకు ఎక్కువ డీజిల్ ఖర్చయ్యేది స్పీడు మీద పోతున్నప్పుడు కాదు, ఆగినచోటు నుంచి లాగేటప్పుడు. అందుకే వోల్వో వాళ్లు హైబ్రిడ్ డబుల్ డెక్కర్‌లో ఐదు లీటర్ల ఇంజన్‌తో సరిపెట్టారు, అంతకుముందు అదే సైజు డీజిల్ బస్సులో తొమ్మిది లీటర్లది ఉండేది. లండన్ లెక్కల్లో కర్బన ఉద్గారాలు మామూలు డీజిల్ బస్సు కంటే 30 శాతం దాకా తక్కువ.

ఇప్పుడు మన సంగతి చూడు. కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా ఎన్నిసార్లు బ్రేకు కొడతారో నీకు తెలియంది కాదు. ఆ ట్రాఫిక్ మనకు శాపం, హైబ్రిడ్‌కు మాత్రం వరం. అదే బస్సును తీసుకెళ్లి ఔటర్ రింగ్ రోడ్ మీద వదిలితే ఆదా పెద్దగా ఏమీ ఉండదు, పైగా బ్యాటరీ బరువు దండగ. మన డిపోల్లో డ్రైవర్ కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, ఎంత తెచ్చాడని రోజూ చూస్తారు కదా, హైబ్రిడ్ వస్తే ఆ లెక్కే మారిపోతుంది. సున్నితంగా, ముందే చూసుకుని బ్రేకు వేసేవాడికి ఒక రకం, ఆఖర్లో కసిక్కున తొక్కేవాడికి ఇంకో రకం.

అయితే ఒక తిరకాసుంది. ఇంజన్ ఉంది కాబట్టి ఆయిల్, ఫిల్టర్లు, రేడియేటర్ అన్నీ ఉంటాయి. మోటారూ బ్యాటరీ కూడా ఉన్నాయి కాబట్టి వాటి తలనొప్పీ ఉంటుంది. రెండు సంసారాలు. 2012 ఫిబ్రవరిలో లండన్‌లో కొత్త రూట్‌మాస్టర్ అని హైబ్రిడ్ డబుల్ డెక్కర్‌ను గొప్పగా దించారు, దాదాపు వెయ్యి బస్సులు చేశారు, అందులో తొలినాటి వాటికి బ్యాటరీలతో బోలెడు ఇబ్బంది అయ్యింది, బ్యాటరీ చేతులెత్తేస్తే అది ఉత్త బరువైన డీజిల్ బస్సే. ఇక 2021 తర్వాత లండన్ వాళ్లు కొత్తగా ఆర్డర్ ఇస్తే పొగ అసలే రాని బస్సులకే ఇస్తున్నారు. అక్కడ పెళ్లయిపోయి పందిరి విప్పుతుంటే మనం ఇప్పుడు శుభలేఖలు అచ్చు వేయిస్తామా?

మన దేశంలో హైబ్రిడ్ అసలు రాలేదని కాదు, 2018లో ముంబైలో బాంద్రా కుర్లా కాంప్లెక్స్ వైపు పాతిక టాటా హైబ్రిడ్‌లు దించారు, ఒకే అంతస్తువి. తర్వాత ఆ దారిలో ఎవరూ పెద్దగా పోలేదు. కారణం డబ్బే. కేంద్రం కరెంటు బండ్లకిచ్చే పీఎం ఈ-డ్రైవ్ పథకంలో హైదరాబాద్‌కు 2000 బస్సులు కేటాయించింది, అన్నీ ఎలక్ట్రిక్. సబ్సిడీ ఎటుంటే బస్సు అటే కదా అన్నా.

జూపార్క్_7జెడ్:

తమ్ముడూ, నేను రిటైరైన కండక్టర్‌ని. ఇంజన్ సంగతి ఆ వర్క్‌షాపు బాబు బాగా చెప్పాడు, నాకు అంత తెలియదు. జనం సంగతి నేను చెప్తా.

మన ఊళ్లో డబుల్ డెక్కర్ అంటే నిజాం కాలం నుంచి ఉన్న మర్యాద. నాకు గుర్తున్నది 7జెడ్, సికింద్రాబాద్ నుంచి జూపార్క్. ఆదివారం పిల్లలతో వచ్చేవాళ్లందరికీ పైనే కావాలి, ముందు అద్దం దగ్గర సీటు కోసం కొట్టుకునేవాళ్లు. అదే సోమవారం పొద్దున చూడు, పైన సీట్లున్నాయి ఎక్కండయ్యా అని గొంతు చించుకున్నా ఎవడూ కదలడు, కింద మాత్రం ఇసుకేస్తే రాలదు. ఎందుకంటే సిటీలో సగం మంది మూడు నాలుగు స్టేజీల గిరాకీ. పైకెక్కి కూర్చునేలోపు వాడి స్టాపు వచ్చేస్తుంది. వాడు దిగాలంటే పైనుంచి కిందికి రావాలి, కింద నిలబడ్డవాళ్లను తోసుకుని డోరు దగ్గరికి చేరాలి, ఈలోపు నేను హోల్డాన్, హోల్డాన్ అని అరుస్తూనే ఉండాలి. మామూలు బండి పావు నిమిషంలో కదిలే స్టాపులో ఇది ముప్పావు నిమిషం. ఆలస్యమైన బండికి వెనక బండి వచ్చి అంటుకుంటుంది, ఇక రెండూ కలిసే పోతాయి.

పైన కూడా టికెట్లు కొట్టాలంటే ఇంకో మనిషి కావాలి. ఒక్కడే మెట్లెక్కుతూ దిగుతూ ఉంటే కింద దొంగ ప్రయాణం, కింద ఉంటే పైన దొంగ ప్రయాణం. 2003–04 నాటికి అవన్నీ పోయాయి. ఫ్లైఓవర్లు వచ్చాయని అందరూ అంటారు, అదీ నిజమే, కానీ పాత బండికి స్పేర్లు దొరక్కపోవడం, ఇద్దరు మనుషుల జీతం, ఇవి కూడా చూసుకోవాలి.

కర్రతో_ముందు_నడిచేవాడు:

పెద్దాయనా, ఫ్లైఓవర్ల కంటే వైర్లు 😀 మా గల్లీలో వినాయకుణ్ణి తీసుకెళ్లేటప్పుడు ముందు ఒకడు వెదురు కర్రతో కేబుళ్లు పైకెత్తుతూ నడుస్తాడు, చాలా ఏళ్లు ఆ డ్యూటీ నాదే. ఒక్కో డబుల్ డెక్కర్‌కు ఒక్కో కర్రవాడిని కూడా రిక్రూట్ చేయాల్సి వస్తుందేమో, నా అప్లికేషన్ రెడీ.

గ్రీజు_చేతులు:

ఎత్తు గురించి ఒక మాట. మన రూల్స్ ప్రకారం డబుల్ డెక్కర్ 4.75 మీటర్ల దాకా ఉండొచ్చు, టాంక్‌బండ్‌వి కూడా దాదాపు అంతే. మెట్రో పట్టాలు పోయే వంతెన కింద, కొత్త ఫ్లైఓవర్ల కింద ఐదున్నర మీటర్ల ఖాళీ వదులుతారు కాబట్టి మియాపూర్ నుంచి లక్డీకాపూల్ దాకా మెట్రో కింద నడపడంలో ఎత్తు సమస్య కాదు. ఇబ్బంది పాత రైలు వంతెనల దగ్గర. సికింద్రాబాద్ చుట్టూ ఒలిఫెంటా, ఆలుగడ్డబావి లాంటి చోట్ల ముందు టేపు పెట్టి కొలిచి, తర్వాతే రూటు గురించి మాట్లాడాలి. రోడ్డు మీద మళ్లీ మళ్లీ తారు పోస్తూ పోతే వంతెన కింద ఖాళీ ఏటేటా తగ్గుతుంది, బోర్డు మీద అంకె మాత్రం పాతదే ఉంటుంది. ఇక చెట్ల కొమ్మలు. అవి డ్రైవర్‌కు కనపడవు, పైన ముందు సీట్లో కూర్చున్నవాడికే కనపడతాయి, అదీ అద్దానికి కొట్టుకున్నాక.

పడిపోతుందేమో అని కొందరికి భయం ఉంటుంది. దానికి పరీక్ష ఉంది, ఇంగ్లండ్‌లో అయితే పైఅంతస్తులో జనం బరువు పెట్టి 28 డిగ్రీలు పక్కకు వంచి చూస్తారు. అందుకే పైన నిలబడనివ్వరు. ఇది గుర్తుపెట్టుకో అన్నా, నీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది: హెచ్‌ఎండీఏ కొన్న బస్సులో 65 సీట్లు, ధర 2 కోట్ల 16 లక్షలు. మన మామూలు సిటీ బస్సులో సీట్లు తక్కువే, కానీ పొద్దున తొమ్మిదింటికి నిలబడ్డవాళ్లతో కలిపి లెక్కేస్తే 65 కంటే ఎక్కువే పోతారు. అంటే డబుల్ డెక్కర్ ఇచ్చేది ఎక్కువ మందికి చోటు కాదు, ఎక్కువ మందికి సీటు.

జీరో_టికెట్:

అంత పెద్ద లెక్కలు నాకు రావు కానీ అన్నయ్యలూ, మీరు ఒకటి మర్చిపోతున్నారు. 2023 డిసెంబర్ 9 నుంచి మా ఆడవాళ్లకు ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ఫ్రీ అయ్యాక బస్సులో సగానికి పైగా మేమే ఉంటున్నాం. చీర కట్టుకుని, ఒక చేతిలో లంచ్ బ్యాగు, ఇంకో చేతిలో ఫోనులో ఆధార్ చూపిస్తూ కదులుతున్న బస్సులో ఆ మలుపు మెట్లు ఎక్కమంటే నేనైతే ఎక్కను. మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆవిడ ఎలాగూ ఎక్కలేదు. అంటే లేడీస్ అందరూ కింద, పైన మొత్తం మగవాళ్లు. రాత్రి తొమ్మిది దాటాక పైన నలుగురే ఉంటే ఆ అంతస్తుకు నేను వెళ్లాలా? ఒకసారి ఇంకో ఊళ్లో అలాంటి బస్సులో పైకెళ్లి, వెనక సీట్లోవాడి మాటలు వినలేక రెండు స్టాపుల ముందే దిగి నడిచాను. కెమెరా ఉందని స్టిక్కర్ అంటించి ఉంది, అది ఎవరు చూస్తున్నారో.

సీటు కోసమే అయితే అదే డబ్బుతో మామూలు బస్సులు ఇంకో రెండు వేయండి. పది నిమిషాలకొకటి వచ్చేది ఐదు నిమిషాలకొకటి వస్తే నాకు పైఅంతస్తు అక్కర్లేదు.

చందానగర్_స్టాప్:

అక్కా, ఆ మెట్ల సంగతి, రాత్రి సంగతి నాకు తట్టనే లేదు, నిజం చెప్పాలంటే నేను ముందు సీటు, అద్దం, వీడియో, ఇదే ఆలోచించాను. అన్నా, రెండు సంసారాలు అన్నావు చూడు, అది చదివి మా ఆవిడ కూడా నవ్వింది. హైబ్రిడ్ ఆశ వదిలేశాను.

కానీ ఒక్కటి అడుగుతా. కండక్టర్ బాబాయ్ చెప్పిన ఇబ్బంది అంతా దగ్గర దగ్గర స్టేజీల గిరాకీ వల్లే కదా. పటాన్‌చెరు నుంచి కోఠి దాకా పోయే మాలాంటివాళ్లు గంటన్నర కూర్చునేవాళ్లం. పొద్దున రెండు ట్రిప్పులు, సాయంత్రం రెండు, లింగంపల్లి, కూకట్‌పల్లి, అమీర్‌పేట, లక్డీకాపూల్ లాంటి అయిదారు చోట్ల మాత్రమే ఆగేలా ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్ వేస్తే? ఒకసారి చార్జ్ చేస్తే 150 కిలోమీటర్లు పోతుందన్నారు కదా, మధ్యాహ్నం డిపోలో రెండు రెండున్నర గంటలు చార్జింగ్ పెట్టుకోవచ్చు.

జూపార్క్_7జెడ్:

అదైతే నడుస్తుంది తమ్ముడూ. దూరం వాళ్లు పైకి, దగ్గర వాళ్లకు అసలు ఆ బండే ఆగదు. నేనైతే ఎక్కేచోటే టికెట్లు కొట్టేసి పంపిస్తా, పటాన్‌చెరులో కింద నిలబడి ఒక మనిషి ముందే టికెట్లు ఇస్తే లోపల ఒక్క కండక్టర్ చాలు. ఆ అమ్మాయి చెప్పినట్టు కింద డోరు పక్క సీట్లన్నీ ఆడవాళ్లకు, ముసలివాళ్లకు వదలాలి.

కానీ భరత్‌నగర్ దగ్గర చెయ్యెత్తినవాడికి ఆపకుండా పోతే మర్నాడు పేపర్లో నా ఫొటో వేస్తారు, అది కూడా చూసుకో.

కర్రతో_ముందు_నడిచేవాడు:

ఆపకపోయినా పరిగెత్తి ఎక్కేస్తారు బాబాయ్, మన సిగ్నళ్లు ఉన్నాయి కదా.

గ్రీజు_చేతులు:

ఇవి ఆటోమేటిక్ డోర్లు భాయ్. డోరు మూసుకోకపోతే బండి కదలదు.