స్వీడిష్ ‘హెన్’, వెల్ష్ ‘హేన్’ చుట్టాలేనా?

నుడికారం:
వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్‌లో గ్వైన్ లోయవాళ్లు ఇప్పటికీ జనవరి 13న ‘హేన్ గాలన్’ చేసుకుంటారు. అది 1752లో క్యాలెండర్ మారకముందు లెక్క ప్రకారం వచ్చే సంవత్సరాది. హేన్ అంటే పాత. స్వీడిష్‌లో ‘హెన్’ అంటే ఆడో మగో చెప్పని సర్వనామం. స్పెల్లింగ్ ఒకటే, రెండూ ఇండో-యూరోపియన్ భాషలే. మూలం కూడా ఒకటేనని నా వాదన.

తర్కవాది:
ఒప్పుకోనండి. వెల్ష్‌లో మాట మొదట్లో ఉండే హకారం చాలాచోట్ల పాత సకారమే. ఉప్పు లాటిన్‌లో సాల్, వెల్ష్‌లో హాలెన్. హేన్‌కి జోడీలు లాటిన్ సెనెక్స్, సంస్కృతం సన. మన సనాతన కూడా ఆ కుదురుదే. స్వీడిష్ హకారం కథ వేరు, అది ఎక్కువగా పాత కకారం. కొమ్ము లాటిన్‌లో కోర్ను, స్వీడిష్‌లో హూర్న్. కాబట్టి ఈ రెండు భాషల్లో ఒకేలా వినబడే పాత మాటలు ఒకే మూలానివి కాకపోవడానికే అవకాశం ఎక్కువ.

నుడికారం:
మరి ఏడుకి వెల్ష్‌లో ‘సైత్’ అంటారే? లాటిన్ సెప్తెమ్‌లోని సకారం అక్కడ చెక్కుచెదరలేదు.

తర్కవాది:
నిజమే, కొన్ని మాటల్లో సకారం నిలిచింది. అయినా హేన్‌కి జోడీలన్నీ సకారంతోనే మొదలవుతున్నాయి కదా.

ఉత్తరగాలి:
అసలు స్వీడిష్ సర్వనామం పాతదే కాదు. 1966లో రోల్ఫ్ దూనోస్ అనే భాషావేత్త ఉప్సాలా పత్రికలో ప్రతిపాదించారు. అతనుకి ‘హన్’, ఆమెకి ‘హూన్’ ఉన్నాయి, ఇద్దరికీ పనికొచ్చేది లేదు. ఫిన్నిష్‌లో మాత్రం అందరికీ ‘హ్యాన్’ ఒక్కటే. ఫిన్నిష్ ఇండో-యూరోపియన్ భాషే కాదు. 2012లో ఒక పిల్లల పుస్తకంలో ఈ మాట వాడితే స్వీడన్‌లో పెద్ద గొడవే అయింది. 2015లో స్వీడిష్ అకాడమీ పదకోశంలో చేరింది.

పాత మాటే కావాలంటే స్వీడిష్‌లో ఇంకో ‘హేన్’ ఉంది, కత్తులు నూరే రాయి. ఇంగ్లీష్ ‘హోన్’ దాని తోబుట్టువు. సంస్కృత శాణం, దాన్నుంచి వచ్చిన మన సాన, దూరపు చుట్టాలు.

నుడికారం:
అయితే సర్వనామం ఫిన్నిష్ అరువేనని సూటిగా అనండి.

ఉత్తరగాలి:
అననండి. ఆలోచన అక్కడిది, అంతే. హన్, హూన్ పక్కన ఇమిడేలా అచ్చు ఒక్కటే మార్చి పెట్టారు. ‘అతని’కి హన్స్ అన్నట్టే దీనికీ ‘హెన్స్’ అంటారు. ఆ వ్యాకరణం పూర్తిగా స్వీడిష్‌దే.