ఫార్మా సంస్థల యజమానులతో మొదటి సంభాషణ గురించి సలహా కావాలి

నేను ముంబైలోని ఒక ప్రైవేట్ ఈక్విటీ సంస్థలో (కంపెనీల్లో వాటాలు కొనే పెట్టుబడి సంస్థ) ఏడాదిగా అనలిస్టుగా పనిచేస్తున్నాను. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ ప్రాంతాల్లో బల్క్ డ్రగ్స్ (మందుల తయారీకి వాడే ముడి ఔషధాలు) తయారుచేసే కుటుంబ సంస్థలను, బ్యాంకర్లు వాటిని అమ్మకానికి అందరి ముందుకూ తీసుకురాకముందే గుర్తించి, యజమానులతో పరిచయం పెంచుకునే పనిని నాకు అప్పగించారు.

కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఏఓసీ-4 పత్రాలు (కంపెనీలు ఏటా దాఖలు చేసే ఆర్థిక లెక్కలు) చదివి జాబితా సిద్ధం చేశాను. మార్చి 31తో ముగిసిన ఏడాది లెక్కలు చాలావరకు అక్టోబరు నాటికి గానీ అక్కడ కనిపించవు కనుక అవి పాతవే, అయినా సర్దుకోవచ్చు. అసలు ఇబ్బంది ఫోన్ దగ్గరే. దశాబ్దాలు శ్రమించి ఫ్యాక్టరీ నిలబెట్టిన పెద్దాయనతో, వాటా అమ్ముతారా అని అడిగినట్టు ధ్వనించకుండా, నా వయసువాడు మొదటి మాట ఎలా మొదలుపెట్టాలి? ఆయన ఆడిటరు ద్వారా వెళ్లడం మేలా, నేరుగా ఉత్తరం రాయడం మేలా? ఈ పని చేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.