కాలువ గట్టు ఇళ్ళకి కొత్త పొయ్యిలా, గ్యాసేనా?

గట్టుపిల్ల:
పాలకొల్లులో మా కాలువ గట్టు మీద పొగ తక్కువ వచ్చే పొయ్యిలు ఇప్పిద్దామని మా పొదుపు సంఘంలో అనుకుంటున్నాం. ఇనుప పొయ్యి, కింద చిన్న ఫ్యాను ఉంటుంది, గాలి బాగా తగిలి పుల్ల పూర్తిగా కాలుతుంది కాబట్టి పొగ తగ్గుతుంది. ఇక్కడ చాలా ఇళ్ళలో గ్యాస్ ఉంది, అయినా అన్నం, వేణ్ణీళ్ళు కొబ్బరి మట్టల మీదే. మీరేమంటారు?

కోనసీమోడు:
వద్దక్కా. 1983లో కేంద్రం పొగలేని పొయ్యిల పథకం పెట్టింది, మా అమ్మమ్మ ఇంట్లోనూ ఒకటి కట్టారు. పొగగొట్టం మసితో పూడుకుపోయింది, తీసేవాళ్ళు లేరు, చివరికి దాన్ని పగలగొట్టి మళ్ళీ మూడు రాళ్ళు పెట్టుకుంది. ఒడిశాలో ఇలాంటి పొయ్యిల్నే నాలుగేళ్ళు గమనించిన పరిశోధకులు చెప్పిందీ అదే: మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది, తర్వాత బాగుచేసుకోక, సరిగా వాడక ఆ లాభం పోయింది.

రేవుపక్కన:
ఫ్యాను పాడైతే ఎవరు చూస్తారండీ?

మాస్టారు:
ఫ్యాను సంగతి తర్వాత. ఆ పొయ్యి నోట్లో పట్టాలంటే పుల్లలు జానెడు ముక్కలు చేయాలి. కొబ్బరి మట్ట మొదలు ఎప్పుడైనా నరికి చూశారా? వానాకాలంలో నానిన మట్ట మీద కత్తి జారుతుంది. చేపల పులుసు దాక కూడా దాని మీద కుదురుగా కూర్చోదు.

గట్టుపిల్ల:
మాస్టారూ, మట్టలు మేమే నరుకుతాం, రోజూ చేసే పనే. తమ్ముడూ, పేదిళ్ళకి గ్యాస్ ఇచ్చే పథకాలు 1999లో దీపం, 2016లో ఉజ్జ్వల వచ్చాయి, కనెక్షన్లు చేరాయి. రెండో బండ దగ్గరే ఆగిపోతున్నారు. 2024 చివర్లో దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితం అన్నారు, మా గట్టు మీద మాత్రం ముందు డబ్బు కట్టాకే తర్వాత ఖాతాలో పడింది. రోజు కూలీ ఇంట్లో ఆ ముందు డబ్బు ఎక్కడిది?

మాస్టారు:
ఎండు మట్టయితే సరే, పచ్చిది మాత్రం నరకలేరు. నేను చెప్పేది అదే.

కోనసీమోడు:
ఇంట్లో పొగ వల్ల 2020లో దాదాపు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కట్టెల పొయ్యిని ఎంత బాగుచేసినా గ్యాసంత శుభ్రం కాదు. పేదోళ్ళకైతే కట్టెలే చాలు అన్నట్టుంది మీ వరస. పొయ్యికింత అని సంఘానికేమైనా ముడుతుందా?

గట్టుపిల్ల:
నోరు జాగ్రత్త. పదకొండేళ్ళుగా కట్టెల పొయ్యి దగ్గర ఊదుగొట్టం ఊదుతున్నది నేను. నా కళ్ళు చూసి మాట్లాడు.

రేవుపక్కన:
ఇద్దరూ ఆగండి.

కోనసీమోడు:
తప్పు మాట అన్నాను, మన్నించక్కా. మా అమ్మకి ఊపిరి ఆడక ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు మొదట అడిగింది బీడీలు తాగుతారా అని. ఆవిడ జన్మలో ముట్టలేదు. ఇంట్లో బండ ఉంది, నేనే కొనిచ్చాను.

గట్టుపిల్ల:
అది అయిపోతే ఎవర్ని అడగాలి?

కోనసీమోడు:
నాన్నని. "పెరట్లో మట్టలు పడున్నాయిగా" అంటారు.

గట్టుపిల్ల:
నేనూ అదే చెబుతున్నాను. బండ డబ్బు మగవాళ్ళ చేతిలో ఉంటుంది, మట్టలు మా చేతిలో ఉంటాయి. అడగక్కర్లేనిదే వాడుకుంటాం.

కోనసీమోడు:
అందుకే వద్దంటున్నా. మంచి పొయ్యి వస్తే మా నాన్న ఇక జన్మలో బండ తెప్పించరు. పొగ రావట్లేదుగా అంటారు.

గట్టుపిల్ల:
మరి ఆయన తెప్పించేదాకా మీ అమ్మ పీల్చాల్సిందేనా?

రేవుపక్కన:
సంఘం పొదుపులోంచే బండకి ముందు డబ్బు ఆడవాళ్ళ చేతికిస్తే? ఖాతాలో పడ్డాక తిరిగి కట్టేస్తారు. అయిదు కిలోల చిన్న బండలూ ఉన్నాయి కదా.

గట్టుపిల్ల:
మీటింగులో అడుగుతాను. అప్పు మళ్ళీ వాళ్ళాయన బాకీలకే పోతుందని ఒకరిద్దరు ఒప్పుకోరు. పొయ్యి మాట మాత్రం వదలను. తమ్ముడూ, అమ్మకి ఇప్పుడెలా ఉంది?

కోనసీమోడు:
మందులు వాడుతోంది. ఇందాక ఫోన్ చేస్తే ఎత్తలేదు, పొయ్యి దగ్గరుందట.