ఈ వారం సమస్య (పద్యానికి చివరి పాదంగా రావాల్సిన వాక్యం): ఎలుక రెక్క విప్పి యీదసాగె

నిర్వాహకుడు (కడప): ఛందస్సు ఆటవెలది. పద్యంలో ఆస్ట్రేలియా సంచిజంతువు క్వాకా, టేకు (రే) చేపల్లోకెల్లా పెద్దదైన మాంటా రెండూ రావాలి. పెన్న ఒడ్డువాళ్లకు సముద్రంతో పనేమిటని అడగకండి, ఎలుకకు రెక్కలేమిటన్నది ముందు తేల్చండి.

కర్నూలు మాస్టారు:

క్వాకఁ జూచి డచ్చి కప్తాను తలచె నే
మనుచు? మాంట కడలి మధ్య నేమి
చేసె ననుచు నడుగఁ జెప్పెద వినుఁడయ్య!
ఎలుక, రెక్క విప్పి యీదసాగె

క్రమాలంకారం, అంటే ప్రశ్నల వరుసలోనే జవాబులు: మొదటిదానికి 'ఎలుక', రెండోదానికి 'రెక్క విప్పి యీదసాగె'. 1696లో ఆస్ట్రేలియా పడమటి తీరపు దీవిలో దిగిన డచ్చి కప్తాను విల్లెం డి వ్లామింగ్ క్వాకాలను పెద్ద ఎలుకలనుకుని, దీవికి 'ఎలుకల గూడు' అని పేరు పెట్టాడు. అదే నేటి రాట్‌నెస్ట్.

అనంతపురం సోదరి:

సంచిలోని కూన సంద్రాన మాంటకు
నేస్తమయ్యె నంట, నిదురలోన
కలను గన్న పాప కనులకు నగుపించె
ఎలుక రెక్క విప్పి యీదసాగె

నిర్వాహకుడు: కల ఎత్తుగడ బాగుందమ్మా. కానీ "అగుపించె" ద్రుతాంతం, అంటే చివర నకారం దాగి ఉన్న పదం. అచ్చు ముందు నకారం నిలిచి "నెలుక" అవుతుంది, సమస్యే మారిపోతుంది. "కనులకుఁ దోఁచిన" అనండి. యడాగమంతో (నడుమ యకారం చేరి) "యెలుక" అవుతుంది, "యీద"తో అక్షరం కలిసే యతి చెడదు. వాక్యం కూడా అతుకుతుంది. ఇంకొకరు మాంటా ముల్లుతో పొడిచిందని రాశారు. మాంటాకు పొడిచే ముల్లు లేదు, సవరించి పంపండి.

ప్రొద్దుటూరు తమ్ముడు: మాస్టారూ, చమత్కారం సరే, పోలిక ఏదీ? రెండు ప్రశ్నలూ ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. 5 కిలోల లోపు క్వాకా ఎక్కడ, 7 మీటర్ల దాకా రెక్కలు చాచే మాంటా ఎక్కడ! అయినా కాన్పు దగ్గర కలుస్తాయి. క్వాకా తల్లి ఒక్క కూనను ఆరు నెలలు సంచిలో మోస్తుంది. మాంటా ఏడాది పాటు కడుపులో మోసి, సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది, అదీ ఏటా కాదు. మొప్పల కోసం జరిగే వేటకు అది తట్టుకోలేకపోతున్నది అందుకే. 2020లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ పెద్ద మాంటాను అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది.

కర్నూలు మాస్టారు: పట్టుకున్నావు నాయనా. మళ్లీ మొదలుపెట్టాను:

క్వాక కొక్క కూన, కడలిలో మాంటకు
నొక్క పిల్లె కాదె నోము పండ

ఇక్కడి నుంచి ఎలుక దాకా వెళ్లే మూడో పాదం దొరకడం లేదు. నువ్వే అందుకో.