చెయ్యి ఆగకపోవడం తప్పా, జబ్బా?

గుణుపురం అమ్మ:
మావాడు ఇక్కడ ఒడిశాలో ప్లస్ టూ రెండో ఏడు. "ఇంక చూడనమ్మా" అని ఫోను వాడే నా చేతికిస్తాడు. పావుగంట తిరక్కుండానే వచ్చి తీసుకుంటాడు. ఎందుకురా అంటే "ఏమో అమ్మా, చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది" అంటాడు. వాడి ముఖం చూస్తే అబద్ధం ఆడుతున్నట్టు లేదు. మా అన్నయ్యేమో నిగ్రహం లేదు, రెండు తగిలిస్తే అదే వస్తుంది అంటున్నాడు. ఏది నమ్మాలో తెలీక టెన్షన్‌గా ఉంది.

పర్లాకిమిడి మాష్టారు:
అమ్మా, కొట్టడం వద్దు. కానీ మీ అన్నయ్య మాటలో కొంత నిజం ఉంది. ప్రతిదానికీ జబ్బని పేరు పెడితే పిల్లవాడు ప్రయత్నమే మానేస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో 2022 నుంచి అమల్లో ఉన్నది గేమింగ్ రుగ్మత. ఇంటర్నెట్ వ్యసనం అనే పేరుతో వేరే జబ్బు అందులో లేదు. ఆ గేమింగ్‌కైనా చదువూ ఇల్లూ బాగా దెబ్బతిని, మామూలుగా ఏడాదిపాటు అలాగే సాగితేనే ఆ పేరు పెడతారు. నిగ్రహం సాధనతోనే వస్తుంది.

రాయగడ సైకాలజీ విద్యార్థిని:
జాబితా సంగతి మీరన్నది నిజమే మాష్టారూ. కానీ పేరు లేనంత మాత్రాన బాధ లేదని కాదు కదా. తొందరపాటును కొలవడానికి బారట్ స్కేల్ అని 30 ప్రశ్నలుంటాయి. మనసు నిలవకపోవడం, ఆలోచించేలోపే చేసెయ్యడం, ముందుచూపు లేకపోవడం, ఈ మూడూ అందులో విడివిడిగా చూస్తారు. ఈ అమ్మ చెప్పింది రెండోదానిలా ఉంది. నెట్‌కు బానిసైనవాళ్ళలో ఈ తొందరపాటు ఎక్కువని చాలా అధ్యయనాల్లో కనబడింది. అయితే వాటిలో ఎక్కువ భాగం ఒక్కసారి అడిగి లెక్కగట్టినవే. తొందరపాటు ఉన్నవాడే ఫోనుకు చిక్కాడా, ఫోనే వాణ్ణి అలా చేసిందా అన్నది వాటితో తేలదు. పైగా మనల్ని ఆపే ముందుమెదడు ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. అమ్మా, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ ఉంది, 14416 టెలి మానస్. దానికి ఫోన్ చెయ్యండి, డబ్బులు తీసుకోరు.

బరంపురం కుర్రాడు:
నేనూ ఆ పావుగంట మనిషినే. రెండేళ్ళు పోగొట్టుకున్నాను. రోజూ రాత్రి ఒట్టు పెట్టుకునేవాణ్ణి, తెల్లారేసరికి మూడు గంటలు చూసేసి ఉండేవాణ్ణి. మంచం మీద, చేతికందేంత దూరంలో ఫోను ఉంటే ఒట్టు నిలబడదు. మా అక్క పాస్‌వర్డ్ మార్చి తన దగ్గర పెట్టుకుంది. అడగాలంటే లేచి ఆమె గదికి వెళ్ళాలి. ఆ నాలుగడుగుల్లోనే చాలాసార్లు మనసు మారిపోయేది.

ఇంకో మాట, అసలు ఇదే చెప్పాలని వచ్చాను. బడిలో అందరూ ఒడియా. నా ఒడియా యాసకి నవ్వేవారు. ఫోను తెరిస్తే తెలుగు వినబడేది, నవ్వేవాళ్ళు లేరు. మీవాడు అందులో ఏం వెతుక్కుంటున్నాడో ఎప్పుడైనా అడిగారా అమ్మా?

పర్లాకిమిడి మాష్టారు:
బాబూ, అక్క దగ్గర దాచిపెట్టడం నిగ్రహం ఎలా అవుతుంది? రేపు హాస్టల్లో అక్క ఉండదు.

బరంపురం కుర్రాడు:
ఉపవాసం రోజున పులిహోర కలిపి ఎదురుగా పెట్టుకోరు కదా మాష్టారూ. దాన్ని ఉపవాసం కాదని ఎవరూ అనరు. హాస్టల్లో నా ఫోను రాత్రిళ్ళు రూమ్మేట్ బీరువాలో ఉంటోంది. నేనే ఇస్తున్నాను.

గుణుపురం అమ్మ:
ఒక్కరోజూ అడగలేదు బాబూ. నిన్న రాత్రి అడిగాను. టెక్కలిలో ఉన్న మా చెల్లెలి కొడుకుతో మాట్లాడతాడట. ఇక్కడ క్లాసులో మాట్లాడేవాళ్ళు లేరట. ఆదివారం రైలెక్కించి వాడి దగ్గరికి పంపుతానన్నాను. ఫోను వంటింట్లో ఛార్జింగ్‌కి పెట్టాం. రెండింటికి లేచి గుమ్మం దాకా వచ్చాడు. నేను మెలకువగానే ఉన్నాను, ఏమీ అనలేదు. మంచినీళ్ళు తాగి వెళ్ళి పడుకున్నాడు.