డిసెంబరులో పాడేరు ఘాట్ చీకట్లో ఎక్కొచ్చా?

వచ్చే శనివారం అమ్మానాన్నలతో వంజంగి మేఘాల కొండకు వెళ్దామనుకుంటున్నాం. విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా, మా పాత వ్యాగనార్‌లోనే. సూర్యోదయం అందుకోవాలంటే ఘాట్ చీకట్లోనే ఎక్కాలి కదా, నా టెన్షనంతా అదే. పోయిన జనవరిలో లంబసింగి దారిలో పొగమంచు ఎంత దట్టంగా పట్టిందంటే, బానెట్ అవతల తెల్లగోడే. హై బీమ్ వేస్తే ఇంకా కనబడలేదు. లో బీమ్‌లో, నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి రోడ్డు అంచు చూసి చెబుతుంటే రెండో గేరులో మెల్లగా పోనిచ్చాను. ఆ అరగంట ఇంకా మర్చిపోలేదు.

ఇప్పుడు ఘాట్‌లో మంచు ఏ వేళకు ఎక్కువగా ఉంటోంది? పాడేరు దాటాక కొండ కింద బండి ఆపేచోటు దాకా చిన్న కారు వెళ్తుందా? లేక ముందురోజే పాడేరు చేరి రాత్రికి ఉండిపోవడం మేలంటారా? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.