కుబ్‌కాన్ఫిగ్‌లో అడ్మిన్ సర్టిఫికెట్ ఉంటే తప్పేంటి?

బాస్టియన్‌బాబు: టీమ్‌లో అందరి ల్యాప్‌టాప్‌లలో కుబెర్నెటిస్ (సర్వర్ల గుంపు, అంటే క్లస్టర్ మీద కంటైనర్లను నడిపే వ్యవస్థ) అడ్మిన్ సర్టిఫికెట్ ఉన్న కుబ్‌కాన్ఫిగే (క్లస్టర్‌కు కనెక్ట్ కావడానికి వాడే సెట్టింగ్స్ ఫైల్) ఉంది. ఫైల్ పర్మిషన్ 600, అంటే యజమాని తప్ప వేరే యూజర్లు చదవలేరు. ‘కుబ్‌సీటీఎల్ కాన్ఫిగ్ వ్యూ’ కొట్టినా సర్టిఫికెట్ దగ్గర ‘డేటా+ఒమిటెడ్’ అనే వస్తుంది. ఎగ్జెక్ ప్లగిన్‌కు (లాగిన్ టోకెన్‌ను అప్పటికప్పుడు తెచ్చే బయటి కమాండ్) మారాలని అంత పట్టుదల దేనికి?

మాస్టర్‌నోడ్: ఆ దాపరికం స్క్రీన్ మీదే అండీ. ఫైల్‌లో ఉన్నది బేస్64 (ఎవరైనా తిరిగి విప్పగల రాత పద్ధతి), ఎన్‌క్రిప్షన్ కాదు. ‘--రా’ తగిలిస్తే ప్రైవేట్ కీతో సహా బయటపడుతుంది (ఆ అవుట్‌పుట్‌ను టికెట్లలో అతికించేవాళ్లూ ఉన్నారు).

ముందు ఆ సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. ‘--మినిఫై --రా’తో ప్రస్తుత కాంటెక్స్ట్ ఒక్కటే తీసి, క్లయింట్-సర్టిఫికెట్-డేటా విలువను బేస్64 డీకోడ్ చేసి, ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎక్స్509 -నోఅవుట్ -సబ్జెక్ట్ -ఎండ్‌డేట్’కు పైప్ చేయండి. ఆ విలువ ఖాళీగా ఉంటే సర్టిఫికెట్ వేరే ఫైల్‌లో ఉన్నట్టు. ‘--ఫ్లాటెన్’ కూడా కలపండి.

సబ్జెక్ట్‌లో ‘సీఎన్’ అంటే యూజర్ పేరు, ‘ఓ’ (ఆర్గనైజేషన్) అంటే గ్రూపు. ‘ఓ’ దగ్గర ‘సిస్టమ్:మాస్టర్స్’ ఉంటే బైండింగ్‌లన్నీ (యూజర్‌కో గ్రూపుకో అధికారం ఇచ్చే నియమాలు) పీకేసినా అధికారం పోదు. ల్యాప్‌టాప్ పోతే ఆ ఒక్క సర్టిఫికెట్‌ను రద్దు చేసే వీలూ లేదు, ఏపీఐ సర్వర్ (క్లస్టర్‌కు వచ్చే ఆదేశాలన్నీ అందుకునే భాగం) రద్దు జాబితాలు చూడదు. గడువు తీరాలి, లేదా సీఏనే (సర్టిఫికెట్లపై సంతకం చేసే మూల సర్టిఫికెట్) మార్చాలి. కుబ్‌ఏడీఎం (క్లస్టర్‌ను ఏర్పాటుచేసే టూల్) మామూలుగా ఇచ్చే గడువు ఏడాది.

పాతవెర్షన్: చిన్న సవరణ. కుబెర్నెటిస్ 1.29 వెర్షన్ నుంచి కుబ్‌ఏడీఎం తయారుచేసే అడ్మిన్.కాన్ఫ్‌లో గ్రూపు ‘కుబ్‌ఏడీఎం:క్లస్టర్-అడ్మిన్స్’. దాని బైండింగ్ తీసేస్తే అధికారం పోతుంది. ‘సిస్టమ్:మాస్టర్స్’ ఇప్పుడు సూపర్-అడ్మిన్.కాన్ఫ్‌లో ఉంటుంది. అయితే అంతకు ముందు పంచిన కాపీలు గడువు దాకా పాత అధికారంతోనే నడుస్తాయి.

టోకెన్‌పక్షం: అందుకే ఎగ్జెక్ అంటున్నాం. ఈకేఎస్‌లో (అమెజాన్ ఏడబ్ల్యూఎస్ నడిపే కుబెర్నెటిస్ సేవ) ‘గెట్-టోకెన్’ ఇచ్చేది 15 నిమిషాల టోకెన్. కుబ్‌కాన్ఫిగ్‌లో రహస్యమే ఉండదు.

మాస్టర్‌నోడ్: కుబ్‌కాన్ఫిగ్‌లో ఉండదు, నిజమే. కానీ ఏడబ్ల్యూఎస్ క్రెడెన్షియల్స్ ఫైల్‌లో గడువు లేని యాక్సెస్ కీ పడి ఉంటే ఏం మారినట్టు? రహస్యం పక్క ఫోల్డర్‌కు మారిందంతే. ఎస్ఎస్ఓ లాగిన్ (సంస్థ ఖాతాతో ఒకేసారి లాగిన్ కావడం) ఉంటేనే మీ మాట నిలుస్తుంది. పైగా ఎగ్జెక్ కింద రాసిన కమాండ్ ఏదైనా మీ మెషీన్‌లో మీ పేరుతోనే నడుస్తుంది. ఎవరో పంపిన కుబ్‌కాన్ఫిగ్‌ను ముందు ఎడిటర్‌లో తెరిచి, ఎగ్జెక్ కింద కమాండ్ చదివాకే వాడండి.

పాతవెర్షన్: సర్టిఫికెట్టే కావాలంటే సీఎస్ఆర్ (సర్టిఫికెట్ కోసం అభ్యర్థన) పెట్టి ఎక్స్‌పిరేషన్‌సెకండ్స్‌లో 28800 ఇవ్వండి, అంటే 8 గంటలు, కనిష్ఠం 600 సెకన్లు. ‘కుబ్-ఏపీఐసర్వర్-క్లయింట్’ సైనర్‌ను (సర్టిఫికెట్‌పై సంతకం చేసే భాగం) ‘సిస్టమ్:మాస్టర్స్’ అడిగితే అడ్మిషన్ (అభ్యర్థనను తనిఖీ చేసే దశ) దగ్గరే తిప్పికొడుతుంది. లాగిన్ సర్వర్ పడిపోయిన రోజుకు మాత్రం ఒక అడ్మిన్ సర్టిఫికెట్ వాల్ట్‌లో (రహస్యాలు భద్రపరిచే చోటు) ఉండాలి, ల్యాప్‌టాప్‌లో కాదు.

బాస్టియన్‌బాబు: సరే, చూశాను. గ్రూపు మాస్టర్సే. రెండు క్లస్టర్ల ఫైళ్లు కుబ్‌కాన్ఫిగ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో కలిపితే రెండోదానికి ‘అనాథరైజ్డ్’ వస్తోంది. అదెందుకు?

మాస్టర్‌నోడ్: కుబ్‌ఏడీఎం ప్రతి క్లస్టర్‌లోనూ యూజర్‌కు ‘కుబెర్నెటిస్-అడ్మిన్’ అనే పేరే పెడుతుంది. పేర్లు ఢీకొంటే ముందున్న ఫైలే గెలుస్తుంది, కాబట్టి మొదటి క్లస్టర్ సర్టిఫికెట్ రెండోదానికి వెళ్తోంది. క్లస్టర్ పేరు కూడా ఒకటే అయితే ఎర్రర్ కూడా రాదు, డిలీట్ కమాండ్ వేరే క్లస్టర్ మీద పడుతుంది. రెండో ఫైల్‌లో యూజర్, క్లస్టర్, కాంటెక్స్ట్ మూడు పేర్లూ మార్చి, క్లయింట్, సర్వర్ రెండూ 1.28 లేదా ఆ తర్వాతివైతే ‘కుబ్‌సీటీఎల్ ఆథ్ హూయామ్‌ఐ’ (సర్వర్ మిమ్మల్ని ఎవరిగా గుర్తిస్తోందో చూపుతుంది) కొట్టి చూడండి.